సీనా: వెన్నెల, నెరిసిన జుట్టు, కొబ్బరికాయ

మేము ఆక్లాండ్ నగరానికి దక్షిణాన ఉన్న పాపటోయ్‌టోయ్‌లో కాపురం ఉంటున్నాము. మా వీధిలో ఒక ఇంట పంజాబీ, ఇంకో ఇంట ఫిజీ హిందీ, మా ఇంట తెలుగు వినిపిస్తాయి. మా పెరటి కంచెకు అవతల ఉన్న ఇంట, పసిఫిక్ సముద్రంలోని సమోవా ద్వీపాల భాష వినిపిస్తుంది. కిందటి ఏడాది ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టింది. చూడడానికి వెళ్లి, పేరేమి పెట్టారని అడిగితే, "సీనా" అన్నారు పాప నాయనమ్మగారు. ఆ వెంటనే తెలుగువారెవరైనా అడిగే రెండో ప్రశ్న నేనూ అడిగాను: ఆ పేరుకు అర్థమేమిటి? ఆ పెద్దావిడ నోటితో జవాబు చెప్పలేదు. తల కొంచెం వంచి, పూర్తిగా నెరిసిపోయిన తన ముడిని వేళ్లతో తాకి చూపించారు. తరువాత కిటికీలోంచి ఆకాశం వైపు చేయి చూపించారు. అది ఇంకా పొద్దుగూకని వేళ. ఆకాశంలో నాకు ఏమీ కనిపించలేదు. ఆమె చూపిన ఆ రెండింటి మధ్య ఉన్న సంబంధాన్ని తెలుసుకోవడానికి ఆ తరువాత చాలా నెలలు పట్టింది. తెలుసుకున్నకొద్దీ ఆ పేరు మీద నాకు మమకారం పెరిగింది కనుక ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

న్యూజీలాండ్‌లో ఈ పేరు వినడం అరుదేమీ కాదు. 1914 నుంచి 1962లో స్వాతంత్ర్యం వచ్చేవరకు పశ్చిమ సమోవాను, అంటే నేటి సమోవా దేశాన్ని, న్యూజీలాండ్ పాలించింది. ఆ బంధం వల్లా, తరువాతి దశాబ్దాలలో ఇక్కడి కర్మాగారాల్లో పనికి మనుషులు కావలసి రావడం వల్లా సమోవావారు పెద్ద సంఖ్యలో వచ్చి స్థిరపడ్డారు. 2018 జనగణనలో తమది సమోవా జాతి అని చెప్పుకున్నవారు 1,82,000 పైచిలుకు ఉన్నారు. ఇంగ్లీషు, ఇక్కడి మూలవాసులైన మావోరీల భాషల తరువాత ఈ దేశంలో ఎక్కువమంది మాట్లాడే భాష సమోవాదే. అయినా పక్కపక్కనే ఉంటూ పదేళ్లపాటు ఒకరి పేర్ల అర్థం ఒకరు అడగకుండా గడిపేయవచ్చునని నా అనుభవం వల్లనే నాకు తెలుసు.

మొదట ఉచ్చారణ సంగతి చెబుతాను. సమోవా భాషలో ప్రతి అక్షరమూ అచ్చుతోనే ముగుస్తుంది, రెండు హల్లులు కలిసి రావు. మన భాషను అజంత భాష అని గర్వంగా చెప్పుకుంటాము కదా, ఈ విషయంలో సమోవన్ మనకంటే నిక్కచ్చి. సీనాలోని రెండు అచ్చులూ నిజానికి హ్రస్వాలే; "సిన" అని రాస్తే వారి రాతకు దగ్గరగా ఉంటుంది. కాని మొదటి అక్షరాన్ని ఊది పలుకుతారు కనుక చెవికి "సీనా" అనే వినిపిస్తుంది. ఫోనులో మా అమ్మకు ఈ పేరు చెప్పినప్పుడు, ఆడపిల్లకు శ్రీనివాసుడి పేరు పెట్టారేమిటి అని ఆశ్చర్యపోయింది. మా ఊళ్లో ఇంటికొక సీనా ఉంటాడు మరి.

సమోవా భాషలో "సిన" అంటే తెలుపు. అన్ని తెలుపులకూ ఒకే విధంగా వాడే మాట కాదిది. ముఖ్యంగా తల వెంట్రుకలు నెరవడాన్ని ఈ మాటతో చెబుతారు. అందుకే నాయనమ్మగారు ముందుగా తన జుట్టును తాకి చూపించారు. దీన్నే రెట్టిస్తే "సినసిన" అవుతుంది, అదీ తెలుపే. ఇక "మాసిన" అంటే చంద్రుడు, "మాసిన" అంటేనే నెల కూడా. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. మన భాషలోనూ నెల అంటే చంద్రుడు, నెల అంటే ముప్పై రోజులు. నెలవంక, నెలరేడు, నెల తప్పడం, నెల జీతం అన్నీ ఒకే మాటలోంచి వచ్చాయి. ఆ నెలకు ముందు తెలుపును చేర్చితే మనకు వెన్నెల వచ్చింది. తెలుపు అనే మాట లోపల చంద్రుణ్ణి దాచుకున్న ఆడపిల్ల పేరు తెలుగులో వెతకవలసి వస్తే, వెన్నెలకు మించినది దొరకదని నా అభిప్రాయం. మా అమ్మకు మళ్లీ ఫోను చేసి ఆ పాప పేరు వెన్నెల అని చెప్పాను.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సంస్కృతంలో సితమంటే తెలుపు, మాసమంటే నెల. సిన, మాసిన అనే మాటలు వినగానే మనవాళ్లలో చాలామందికి, ఇవన్నీ మన దగ్గరి నుంచి వెళ్లినవే అనాలనిపిస్తుంది. నాకూ క్షణకాలం అనిపించింది. కాని సమోవన్ ఆస్ట్రోనేసియన్ కుటుంబానికి చెందిన భాష. ఆ భాషలు మాట్లాడే నావికుల పూర్వీకులు తైవాన్ ప్రాంతం నుంచి ద్వీపం తరువాత ద్వీపం దాటుకుంటూ వచ్చి, సుమారు 2,800 ఏళ్ల కిందట సమోవా చేరారు. వారి మాటలకు పుట్టినిల్లు ఆ సముద్రమార్గంలోనే ఉంది. చెవికి ఒకేలా వినిపించడం యాదృచ్ఛికం. నెల విషయంలో మన రెండు భాషలూ ఒకే చోటికి చేరాయంటే, ఇద్దరమూ ఒకే చంద్రుణ్ణి చూసి రోజులు లెక్కపెట్టుకున్నందువల్ల చేరాయి. నాకు ఆ కారణమే ఎక్కువ అందంగా తోస్తుంది.

ఆ సముద్రమార్గం ఆనవాళ్లు పేరులోనే ఉన్నాయి. సమోవాలో "స" అని పలికేచోట తూర్పు పాలినేషియా ద్వీపాల భాషలు చాలావాటిలో "హ" వస్తుంది. సమోవాలోని పెద్ద ద్వీపం పేరు సవాయీ. అదే మాట ఉత్తరాన హవాయీ అయింది, మావోరీలకు తమ పూర్వీకుల పుట్టిల్లయిన హవాయికీ అయింది. అదే దారిలో మాసిన అక్కడ మహినా అయింది, సీనా హీనా అయింది. హవాయీలో, తాహితిలో, టోంగాలో, మావోరీ గాథలలో హీనా అనే స్త్రీ కనిపిస్తుంది. చాలా చోట్ల ఆమెకు చంద్రుడితో సంబంధం ఉంటుంది. మావోరీ కథల్లో ఆమె తినిరావును చేపడితే, సమోవా కథల్లో సీనా తింగిలావును చేపడుతుంది. పేర్లు మారినట్టు కనిపించినా అది ఒకే జంట. వేల మైళ్ల సముద్రం మీద చెల్లాచెదురైన ప్రజలు దాదాపు అందరూ ఆడబిడ్డలా దాచుకున్న పేరు ఇది.

సమోవాలో రాత్రివేళ పిల్లలకు చెప్పే కథలను ఫాంగోంగో అంటారు. దీపం తీసేశాక, చాపల మీద పడుకున్నవారికి పెద్దవారొకరు కథ చెబుతారు. నడుమనడుమ కథలోని మనుషుల దుఃఖమూ పిలుపూ వచ్చేచోట పాట అందుకుంటారు. వినేవారు "ఆవే" అని బదులు పలుకుతూ ఉండాలి, మన పిల్లలు ఊకొట్టినట్టు. ఆ కథల్లో కథానాయిక పేరు ఎన్నోసార్లు సీనాయే. మన కథల్లో "అనగనగా ఒక రాజకుమార్తె" అని పేరు లేకుండానే మొదలుపెడతామే, ఆ రాజకుమార్తెకు అక్కడ ఈ పేరు ఉంది. కనుక పుట్టిన పిల్లకు సీనా అని పేరు పెట్టడమంటే ఒక్క దేవత పేరో ఒక్క రాణి పేరో పెట్టడం లాంటిది కాదు. కథ మొదలవ్వగానే అందరూ ఎవరి కోసం ఎదురుచూస్తారో ఆమె పేరు పెట్టడం.

చంద్రుడిలో కనిపించే మచ్చకు కూడా సమోవావారు సీనాయే అని చెప్పుకున్నారు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున అక్కడ పనిచేసిన జార్జ్ టర్నర్ 1884లో అచ్చయిన తన పుస్తకంలో ఈ కథను నమోదు చేశాడు. కరువు కాలం. సాయంత్రపు మసక వెలుతురులో సీనా బిడ్డను పక్కన పెట్టుకొని, చెట్టు బెరడును పలక మీద పరచి కొయ్య సుత్తితో కొడుతూ సియాపో అనే నారబట్ట తయారుచేస్తోంది. అప్పుడే చంద్రుడు ఉదయిస్తున్నాడు. ఆకలితో ఉన్న తల్లికి ఆ గుండ్రని వెలుగు పెద్ద సీమపనస కాయలా కనిపించింది. కిందికి దిగివచ్చి నా బిడ్డను ఒక ముక్క కొరుక్కోనివ్వరాదా అని అడిగింది. తనను తినే వస్తువుగా చూసినందుకు చంద్రుడికి కోపం వచ్చింది. గబగబా దిగివచ్చి ఆమెను, బిడ్డను, పలకను, సుత్తిని అన్నింటినీ ఎత్తుకుపోయాడు. ఇప్పటికీ అక్కడ ఆమె మొహమూ బిడ్డ మొహమూ కనిపిస్తాయట.

చంద్రుణ్ణి కిందికి రమ్మని, బిడ్డకు ఏదైనా తెమ్మని పిలవడం మన తల్లులు రోజూ చేసే పనే. డాబా మీద గోరుముద్దలు పెడుతూ మేనమామను పిలిచినట్టు పిలుస్తాము. ఆయన రాకపోయినా కోపగించుకోడని ధీమా. సీనా పిలుపు వెనుక గోరుముద్ద లేదు, కరువు ఉంది. ఒకే పిలుపు కడుపు నిండిన ఇంట జోలపాట అయితే, ఖాళీ కుండ ఉన్న ఇంట అపరాధమయిందనిపించి, ఈ కథ చదివిన రోజు నా కూతురికి అన్నం పెడుతూ నేను పాడలేకపోయాను. కాని సమోవావారు ఈ కథను భయంతో చెప్పరు. బిడ్డ ఆకలి కోసం చంద్రుణ్ణయినా అడగగలిగిన తల్లిగానే సీనాను తలచుకుంటారని నాయనమ్మగారి మాటల్లో నాకు అర్థమయింది.

అన్నింటికంటే ప్రసిద్ధమైన కథ సీనా, మలుగు చేప కథ. మలుగును వారి భాషలో తునా అంటారు. రెండేళ్ల కిందట మేము సమోవా వెళ్లినప్పుడు ఆ కథ జరిగిందని చెప్పే చోటును చూశాము. అప్పటికి నాకు ఆ పేరు మీద ప్రత్యేకమైన ఆసక్తి లేదు. ఇప్పుడు తలచుకుంటే ఇంకాసేపు నిలబడి చూడవలసిందనిపిస్తుంది. ఉపోలు ద్వీపం చివర ఉన్న ములిఫనువా రేవులో ఓడ ఎక్కితే గంటకు పైగా ప్రయాణించి సవాయీలోని సలెలొలోంగ చేరుతుంది. ఆ ములిఫనువా రేవు దగ్గరే 1973లో ఓడల కోసం సముద్రపు అడుగు తవ్వుతుండగా, సమోవాకు మొదట వచ్చిన మనుషులు వాడిన లపీతా కుండపెంకులు బయటపడ్డాయి. సవాయీ ఉత్తర తీరంలో, సఫూనే ప్రాంతపు మతవాయ్ గ్రామంలో, సముద్రానికి నాలుగడుగుల దూరంలో మంచినీటి ఊట మడుగు ఒకటి ఉంది. చల్లని, అడుగు కనిపించే నీరు. దాని పేరు మాత ఓ లే అలేలో. అంటే దయ్యపు కళ్లు.

కథ ఇలా చెబుతారు. సీనా అందం గురించి ఫిజీ రాజైన తుయి ఫితి విన్నాడు. అప్పటికే వృద్ధుడు. తన మంత్రశక్తితో మలుగు రూపం ధరించి సముద్రం దాటి వచ్చి, ఆమె నీళ్లకు వచ్చే మడుగులో చేరాడు. మొదట్లో అది చిన్న చేప. ఆమె దాన్ని ముద్దుగా సాకింది. అది పెరిగింది. ఆమె నీటిలోకి వంగినప్పుడల్లా రెప్ప వేయకుండా ఆమెనే చూసేది. భయపడి ఆమె ఊరు మారితే వెంట వెళ్లింది. మరో ఊరు మారితే అక్కడికీ వెళ్లింది. చివరకు ఆమె దాని కళ్లలోకి చూసి, "దయ్యపు కళ్లతో నన్ను అలా చూస్తున్నావే!" అన్నది. ఆ మాటే మడుగు పేరయింది. గ్రామ పెద్దలు దాన్ని చంపడానికి పూనుకున్నారు. చనిపోయే ముందు మలుగు తానెవరో చెప్పి ఒక్క కోరిక కోరింది: నా తలను నరికి నీ ఇంటి ముందు పాతిపెట్టు. ఆమె పాతిపెట్టింది. అక్కడ మొలిచినదే ప్రపంచంలోని మొదటి కొబ్బరిచెట్టు.

పీచు ఒలిచిన కొబ్బరికాయను చూడండి. రెండు కళ్లు, ఒక నోరు. మనము మూడూ కళ్లే అంటాము, ముక్కంటికి ఇష్టమైన కాయ అంటాము. సమోవావారు మూడోదాన్ని మలుగు నోరు అంటారు. ఆ మూడింటిలో ఒక్కటే మెత్తగా ఉంటుంది; మొలక వచ్చేదీ అందులోంచే, తాగడానికి మనము పొడిచేదీ దాన్నే. కనుక కొబ్బరినీళ్లు తాగిన ప్రతిసారీ సీనా ఆ మలుగును ముద్దు పెట్టుకున్నట్టు అని కథ ముగుస్తుంది.

దీన్ని ప్రేమకథగా చెప్పేవారు ఉన్నారు. ఆడపిల్ల తల్లిగా నేను అలా చదవలేను. రెప్ప వేయని చూపు ఒకటి ఊరు మారినా వదలకుండా వెంటపడడం ఎలా ఉంటుందో ఆడవారికి వేరే చెప్పనక్కరలేదు. ఈ కథలో నాకు గొప్పగా తోచేది ఏమిటంటే, సీనా ఆ చూపుకు ఎదురుగా నిలబడి దానికి పేరు పెట్టింది. ఆమె పెట్టిన పేరే ఆ చోటికి శాశ్వతంగా నిలిచింది, రాజు పేరు నిలవలేదు. ఊరి పెద్దలు ఆమె మాటను తేలికగా తీసుకోకుండా కదిలారు. చివరి కోరికను మన్నించి తలను పాతిపెట్టడం ఆమె దయ. ఆ దయ వల్ల ఆ ద్వీపాలకు తాగే నీరు, వంటకు పాలు, ఇంటికి కప్పు, తాడు పేనడానికి పీచు, పడవకు కట్టు అన్నీ ఒక చెట్టు రూపంలో దక్కాయి. కోనసీమలో పుట్టినదాన్ని కనుక ఒక కొబ్బరిచెట్టు ఒక ఇంటికి ఎంత ఆధారమో నాకు బాగా తెలుసు. ఫిజీ అనగానే తెలుగువారికి 1903 తరువాత మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటలకు వెళ్లిన మన కూలీలు గుర్తొస్తారు. మా వీధిలోని ఫిజీ కుటుంబానికి ఆ ఓడలే మూలం. సమోవా పిల్లలకు మాత్రం ఫిజీ అంటే ముందుగా ఈ ముసలి రాజే.

ఇంటర్నెట్టులో పిల్లల పేర్ల పట్టికలు చూస్తే సీనా పక్కన "తెల్లనిది" అని ఒక్క మాట ఉంటుంది. తెలుగు పాఠకులు ఆ మాటను తెల్లని ఒళ్లుగా చదువుకుంటారేమోనని నా భయం, ఎందుకంటే మన పెళ్లి ప్రకటనలు మనకు ఆ చదువే నేర్పాయి. సమోవావారి సిన ఒంటి రంగు కోసం పుట్టిన మాట కాదు. యూరోపియన్లను వారు పాపాలంగి అంటారు, సిన అనరు. ఈ తెలుపు చంద్రుడిది, నెరిసిన తలది. నేతలలో చూస్తే, ఫౌ పాతా అనే మొక్క నారను బాగా తెల్లబరచి, ఒక వైపు కుచ్చులు వేలాడేటట్టు అల్లిన 'ఇయె సిన అనే అపురూపమైన వస్త్రానిది. ఇప్పుడు అవి ఎక్కువగా సంగ్రహాలయాలలోనే కనిపిస్తాయి. దగ్గరి చుట్టమైన 'ఇయె తోంగ చాప మాత్రం నేటికీ పెళ్లిలో, చావులో, బిరుదు ఇచ్చే వేడుకలో చేతులు మారుతూనే ఉంది. ఆ అల్లిక కళను 2019లో యునెస్కో మానవాళి వారసత్వ పట్టికలో చేర్చింది. వీటిని అల్లేవారు ఆడవారు. ఒక పెద్ద చాపకు నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

ఆడపిల్ల స్థానం గురించి చెప్పకుండా ఈ పేరు గురించి చెప్పడం కుదరదు. సమోవా కుటుంబంలో అక్కాచెల్లెళ్లకూ అన్నదమ్ములకూ మధ్య ఉండే ఒడంబడికను ఫెయంగైంగ అంటారు. ఆ మాటే సోదరికి కూడా పేరు. అన్నదమ్ములు ఆమెను గౌరవించాలి, కాపాడాలి, ఆమె అవసరాలు చూడాలి. ఇంటి పెద్ద నిర్ణయాలలో ఆమె మాటకు బరువు ఉంటుంది. సోదరి తన సోదరుడికి కంటిపాప అని వారి సామెత. నాయనమ్మగారు ఈ సామెతను నాకు ఇంగ్లీషులో చెప్పబోయి మాట దొరకక, తన కంటి నల్లగుడ్డును వేలితో చూపించినప్పుడు, ఆ మాట తెలుగులో ఉందని చెప్పగలిగినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పండక్కి ఆడపడుచుకు చీర పెట్టడం వరకు మనకూ ఉంది. కాని ఆస్తి దగ్గర, మాట దగ్గర మనము ఆ మర్యాదను అంత దూరం తీసుకువెళ్లలేదని ఒప్పుకోవాలి. సుమారు 500 ఏళ్ల కిందట నాలుగు అత్యున్నత బిరుదులనూ ఒక్కచోట ధరించి సమోవాను ఏలిన సలమాసినా కూడా స్త్రీయే. ఆమె పేరు పెట్టుకున్న అమ్మాయిలు ఆక్లాండ్ బడులలో ఇప్పటికీ ఉన్నారు.

1830లో క్రైస్తవ మిషనరీ జాన్ విలియమ్స్ సవాయీలోని సపపలీ గ్రామంలో దిగిన తరువాత సమోవా కొద్ది దశాబ్దాలలోనే క్రైస్తవ దేశమయింది. బైబిలు పేర్లు ఇంటింటికీ వచ్చాయి. రూత్ రూతా అయింది, ఎస్తేరు ఎసెతా అయింది. పాత దేవతల పేర్లు చాలావరకు వెనక్కి తగ్గాయి. సీనా వెనక్కి తగ్గలేదు. గుడిలో కొలిచే పేరు అయి ఉంటే అదీ పోయేదేమో. పడక చాపల మీద, చీకట్లో, పిల్లల "ఆవే"ల మధ్య బతికిన పేరు కనుక మిగిలిందని నా నమ్మకం. మా పక్కింటి పాపకు ఈ పేరు వచ్చింది కూడా గాథలోంచి కాదు. అది నాయనమ్మగారి తల్లి పేరు. సవాయీలో తొంభై దాటి బతికిన ఆమె, చివరి రోజుల్లో తలంతా సిన అయి, పేరుకు తగ్గట్టు పోయిందని వారు చెప్పారు. మన పెద్దవాళ్లు పసిపిల్లను చూసి నిండు నూరేళ్లు బతకమని దీవిస్తారు. వీరు ఆ దీవెనను పేరులోనే పెట్టి, ఇంకా జుట్టు సరిగా రాని పిల్లను నెరిసిన తల పేరుతో పిలుస్తున్నారు.

మొన్న శనివారం ఓటారా సంతకు కలిసి వెళ్లి రెండు కొబ్బరికాయలు తెచ్చుకున్నాము. పాపకు ఇంకో వారంలో ఏడాది నిండుతుంది. నాయనమ్మగారు వాకిట్లో కూర్చుని, కాయ పీచు పూర్తిగా తీసి, మూడింటిలో మెత్తనిదాన్ని బొటనవేలితో వెతికి పొడిచి, మనవరాలిని ఒళ్లో పెట్టుకొని కాయను ఆమె పెదవులకు ఆనించారు. నీళ్లు కొన్ని లోపలికి, కొన్ని గడ్డం మీదుగా గౌను మీదికి కారాయి. పాప రెండు చేతులతో కాయను పట్టుకొని, మిగిలిన రెండు కళ్ల వైపు రెప్ప వేయకుండా చూస్తూ తాగింది.